ఊలు ఏ చేత పట్టవలెను?

పాఠశాలలలో చేతిపనులు నేర్పు ఉపాధ్యాయినులారా, ఉపాధ్యాయులారా,

32 సంవత్సరములు పశ్చిమ గోదావరి పల్లెబడులలో పిల్లలచేత పలకా బలపము పట్టించిన చేయి నాది. ఆ చేతికి 62వ యేట రెండు అల్లిక సూదులును ఒక ఊలు ఉండయు వచ్చి చేరినవి. నేర్చుకొనుటలో నేను పడిన శ్రమలో సగము అల్లికయే పెట్టినది. అది పడవలసిన శ్రమయే, పడితిని. తక్కిన సగము నేర్పిన తీరువలన కలిగినది. అది లేకుండ పోవుటకు అవకాశముండెను. ఆ రెండవ సగమును గూర్చి మీతో నలుగురెదుట మాటాడవలెనని, ఏటేటా మీ చేతిక్రిందికి వచ్చు పిల్లల వ్రేళ్ళ పక్షమున ఒక విన్నపము చేసికొనవలెనని ఈ లేఖ వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందట చలికాలము నాలుగు నెలలును ఢిల్లీలో మా అమ్మాయి యింట ఉంటిని. భోగిమంటతో తీరిపోవు చలియే గాని వేరొక చలి యెరుగని గోదావరి మనిషిని. అక్కడ మంచు విడిచి మధ్యాహ్నమునకు గాని ఎండ మొగము కనబడకుండుటయు, కనబడినంతనే ఆ వీధి స్త్రీలందరును మిద్దెలమీదికి మంచములు చేర్చి, కొందరు పచ్చి బఠాణీలు ఒలుచుచు, కొందరు వేరుసెనగకాయలు నోట వేసికొనుచు, మిగిలినవారు మాటలు మాటలుగానే ఉండగా చేతులు చేతులుగానే సాగించి స్వెట్టర్లు అల్లుచుండుటయు చూచి, ఈ విద్య నాకును రావలెనని బుద్ధి పుట్టినది. మనుమరాలికి అప్పటికి ఆరు నెలలు. దానికొక టోపీ నా చేత అల్లి తొడుగవలెనని సంకల్పించుకొంటిని.

దగ్గరలోనే వారమునకు రెండు మధ్యాహ్నములు అల్లిక నేర్పు తరగతి యొకటి జరుగుచున్నదని తెలిసి చేరితిని. నేర్పునామె పనియందు దిట్ట. ఆమె అల్లిన శాలువా నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. కాని ఆమె మొదటి నియమము, ఊలు కుడిచేతి చూపుడువ్రేలిమీదనే ఉండవలెననునది. కుడిసూదిని ఎడమసూదిమీది కుట్టులో దూర్చి, కుడిచేతితోనే ఊలును సూదిమొన చుట్టు త్రిప్పి, అట్లేర్పడిన కొత్త ఉచ్చును పాతదానిలోనుండి ఈవలకు లాగి, పాతదానిని ఎడమసూదినుండి జారవిడువవలెను. చెప్పుటకు నాలుగు మాటలే. ఊలు త్రిప్పుటకై నా కుడిచేయి కదలినంతనే సూది జారెడిది. సూదిని గట్టిగా పట్టుకొన్నచో ఊలు వదులయ్యెడిది. రెంటిని ఒక్కమారే అదుపులో నుంచవలెనని బిగించినచో కుట్లు సూదికి అంటుకొని కదలకుండెడివి. ఈ పెనుగులాట నడుమ నా ఎడమచేయి తనంత తానే చూపుడువ్రేలు పైకెత్తి దేనికొరకో ఎదురుచూచుచుండెడిది. ఆమె వచ్చి, "ఆ చేయి కాదమ్మా, ఈ చేయి" అని ఆ వ్రేలిని మడిచి, ఊలును తీసి కుడిచేతికి చుట్టి పోయెడిది. మూడు వారములలో పలుమార్లు విప్పి, మరల అల్లి, అరచేతి వెడల్పు గుడ్డముక్క యొకటి తయారుచేయగలిగితిని. అది అట్టవలె బిగిసియుండెను. రాత్రులు కుడి మణికట్టు లాగుచుండెను. ఈ వయస్సున నాకు ఇది రాదని నిశ్చయించుకొని, టోపీ బజారులో కొనుమని అమ్మాయితో చెప్పితిని.

ఆ వ్రేలు ఎందుకు లేచుచున్నదో ఆ రాత్రి తెలిసినది. మా పుట్టినూరు నరసాపురమునకు దగ్గరి పల్లె. 19వ శతాబ్ది మధ్యకాలమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక అప్పటినుండి ఆ గోదావరి ఒడ్డున ఇంటింట నిలిచిపోయినది. సన్నని నూలుదారము, కొనయందు కొక్కెము గల చిన్న సూది, అంతకుమించి పనిముట్టు లేదు. మధ్యాహ్నపు వంట ముగిసిన పిదప మా అమ్మ వీధి అరుగుమీద గోడకు చేరగిలబడి కూర్చుండి, పొద్దు వాలువరకు దీపపుగుడ్డలు, బల్లగుడ్డలు అల్లెడిది. ఎనిమిదవ యేటినుండి పెండ్లి అగువరకు నేనును ఆమె ప్రక్క కూర్చుండి అల్లితిని. ఆ పనికి ముట్టు కూలి ఎంత స్వల్పమో, దానివలని లాభము ఎవరికి చేరునో జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథమున సవిస్తరముగా వ్రాసినది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కథ వేరొక లేఖకు తగినంత కలదు. ఇక్కడ చెప్పవలసినది ఒక్కటే: లేసు అల్లునప్పుడు సూది కుడిచేత నుండును, దారము ఎడమచేతి చూపుడువ్రేలిమీదుగా సాగుచుండును. ఆ వ్రేలు పైకి లేచి దారమును సరియైన బిగువున నిలుపును. కొక్కెము పోయి దానిని అందుకొని వచ్చును. అర్ధశతాబ్దము క్రిందట అరుగుమీద నేర్చిన ఆ భంగిమను నేను మరచితిని గాని నా చేయి మరువలేదు.

అందరును పడుకొన్న పిదప దీపము వెలిగించుకొని, ఊలును ఎడమ చూపుడువ్రేలిమీదికి మార్చితిని. కుడిసూదిని కుట్టులో దూర్చి, దాని మొనతోనే, లేసుకొక్కెముతో దారము అందుకొన్నట్లు, ఊలును అందుకొని ఈవలకు తీసితిని. కుడిచేయి సూదిని విడువ నవసరమే లేకపోయెను. మూడు వారములు నన్ను ఏడిపించిన పని ఆ రాత్రి గంటసేపటిలో నా చేతిదైనది. ఎనిమిది వరుసలు అల్లి లెక్కపెట్టుకొని, మా అమ్మ బ్రతికియున్నచో చూపవలెనని అనిపించి, చాలసేపు దీపము ఆర్పకయే కూర్చుంటిని.

నేను కొత్తది కనిపెట్టితినని అనుకొంటిని. పిదప పుస్తకములు తెప్పించుకొని చదువగా తెలిసినదేమనగా, జర్మనీ మున్నగు ఐరోపా దేశములలో కోట్లమంది స్త్రీలు తరతరములుగా ఊలును ఎడమచేతనే పట్టి అల్లుచున్నారు; ఇంగ్లండులోను, ఆ దేశపు పాఠ్యక్రమము ననుసరించిన చోట్లను కుడిచేత పట్టుట అలవాటైనది. మొదటిదానిని ఆంగ్లేయులు ఐరోపా ఖండపు పద్ధతి యనియు, రెండవదానిని ఇంగ్లీషు పద్ధతి యనియు పిలుచుచుండగా, జపానువారు అదే మొదటిదానిని ఫ్రెంచి పద్ధతి యనియు, అదే రెండవదానిని అమెరికా పద్ధతి యనియు చెప్పుదురు; కావున ఈ పేర్లను చూచి ఏ పద్ధతి ఏ జాతి సొత్తో నిర్ణయింప బూనుట వృథా. ఇంగ్లండున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అను ఆమె, 1971లో వెలువడిన తన గ్రంథముద్వారాను, దూరదర్శన పాఠములద్వారాను, కుడిచేతివాడుకయే ప్రబలియున్న ఆ దేశమున ఎడమచేత ఊలు పట్టుటకు గౌరవము తెచ్చినది.

ఈ రెంటికిని చెందని పద్ధతులును కలవు. పోర్చుగల్‌లో ఊలును మెడవెనుకగా త్రిప్పియో, రొమ్మున గ్రుచ్చిన కొక్కెపు పిన్నుగుండ తీసియో ముందుకు తెచ్చి, ఎడమ బొటనవ్రేలితో సూదిమీదికి విసరుదురు; ఊలు బిగువును వ్రేళ్ళు మోయ నవసరము లేదు, మెడయే మోయును. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతవాసులును మెడచుట్టు ఊలు త్రిప్పుకొనియే అల్లుదురు. పెరూదేశమున టిటికాకా సరస్సులోని టకీలే ద్వీపమున టోపీలు అల్లువారు పురుషులు. బాలురు చిన్ననాటనే సూదులు పట్టుదురు. ఆ ద్వీపవాసుల వస్త్రకళను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. స్కాట్లండునకు ఉత్తరమున షెట్‌లండు దీవులలోని స్త్రీలు నడుమునకు తోలుపట్టీ కట్టుకొని, దానికి గల రంధ్రములలో ఒకదానియందు కుడిసూది వెనుకకొనను గ్రుచ్చి నిలిపి, చేతికి సూదిబరువు లేకుండ చేసికొని, నడచుచునే అల్లెడివారు. వీరందరి వ్రేళ్ళు వేరు, ఊలు పోవు దారి వేరు. గుడ్డ మాత్రము ఒక్కటే.

ఎట్లు ఒక్కటి యగును? నేతయందు పడుగు పేకలను రెండు దారముల వరుసలు ఒకదాని నొకటి అడ్డముగా దాటును. అల్లికయందు ఉన్నది ఒక్కటే దారము. అది ఉచ్చులోనుండి ఉచ్చుగా, క్రింది వరుసను పై వరుస పట్టుకొని, పోవుచుండును. ప్రతి ఉచ్చును తన క్రింది ఉచ్చులోనుండి వచ్చినదా, సరియైన ముఖముతో నిలిచినదా అనునదియే ప్రశ్న. దానిని ఏ వ్రేలు లాగినదో గుడ్డకు తెలియదు. ఉచ్చును వెనుకనుండి ముందుకు లాగినచో నిట్టు కుట్టు, ముందునుండి వెనుకకు త్రోసినచో పర్లు కుట్టు. ఢిల్లీలో వీనినే సీధా, ఉల్టా అందురు. ప్రపంచమునందలి స్వెట్టర్ల నకాసీలలో అధికభాగము ఈ రెండు కుట్లను ఏ వరుసలో ఎన్నెన్ని వేసితిమనుటపైననే ఆధారపడియున్నది.

మన యెండలకు ఈ విద్య ఎందుకని అడుగువారు కలరు. నేడు మనకు దొరకిన సూది అల్లికలలో మిక్కిలి ప్రాచీనములు ఈజిప్టుదేశపు మేజోళ్ళు. అవి సుమారు 11వ శతాబ్దికిని 14వ శతాబ్దికిని నడిమివి. అవి ఊలువి కావు, నూలువి. నీలిరంగు, తెలుపు కలిపి అల్లినవి. ఎండదేశమున నూలుతో పెరిగిన విద్యకు మన ఎండ అడ్డు కాజాలదు.

ఇక నా కథలో మీకు ముఖ్యమైన ఘట్టము. ఎడమచేతితో నిట్టు కుట్టు సుఖముగా వచ్చినది గాని, పర్లు వచ్చినప్పుడు ఊలును సూదిమీదుగా త్రిప్పుట కష్టమై, సూదిమొనతో క్రిందినుండి గీరి లాగుట తేలికగా తోచి, అట్లే అల్లుకొనిపోతిని. నాలుగంగుళములు అయిన పిదప చూడగా ఒక వరుస విడిచి ఒక వరుసలో కుట్లు మొదలుకడ మెలిపడి, కత్తెరవలె అడ్డముగా దాటుచున్నవి. తరగతిలో నేర్పునామెకు చూపితిని. ఎడమచేయి పట్టినందువలననే ఇట్లయినదని చెప్పి, అంతయు విప్పించి, ఊలును మరల కుడిచేతికి చుట్టిరి. ఆనాటితో ఆ తరగతికి పోవుట మానితిని.

మిద్దెమీద మా ప్రక్క మంచమున కూర్చుండు పంజాబీ ముసలామె యొకతె, నాకంటె పదేండ్లు పెద్దది, నా ఒడిలోని గుడ్డను తీసికొని, నా చేతులవంక చూడనే చూడక, సూదిమీది కుట్లను గోటితో ఒక్కొక్కటిగా విడదీసి చూచినది. "దీనికి కాళ్ళు చూచుకొన్నావా?" అని అడిగినది. అప్పుడు చూచితిని. సూదిమీద ఎక్కియున్న ప్రతి కుట్టును గుఱ్ఱముమీది రౌతువలె సూదికి ఇటొకకాలు అటొకకాలు వేసి కూర్చుండును. మామూలుగా అందులో ముందుండవలసిన కాలు సూదికి ఇవతల నుండును. నేను పర్లును క్రిందినుండి గీరి లాగుటచే ఆ కాలు అవతలకు పోయినది. తరువాతి వరుసలో అలవాటుచొప్పున ఇవతలి కాలిలో సూది దూర్చుటచే కుట్టు మెలిపడినది. అవతలనున్న ఆ ముందుకాలిలోనే సూది దూర్చినచో మెలి లేదు, కుట్టు తిన్నగా వచ్చును. మార్చవలసినది అంతమాత్రమే. ఊలు ఎడమచేతనే ఉన్నది, పర్లు నా తేలిక దారినే పోయినది, గుడ్డ మాత్రము అద్దమువలె వచ్చినది. ఈ రీతిని మిశ్రమ పద్ధతి యను పేర పుస్తకములలో వివరించియున్నారని పిదప తెలిసికొంటిని. ఆమె ఏ పుస్తకమును చదివినది కాదు.

ఆ ఇద్దరు స్త్రీలును పనితెలిసినవారే. ఒకరు నా చేతిని చూచి తప్పు ఎంచిరి. ఒకరు కుట్టును చూచి తప్పు ఎక్కడనో కనుగొనిరి. నేర్పుటలో ఇంత భేదమున్నదని, 32 సంవత్సరములు నేర్పుటయే వృత్తిగా జీవించిన నాకు ఆనాడు గాని తెలియలేదు. మొదటి యేండ్లలో నా తరగతిలో ఒక పిల్లవాడు బలపమును ఎడమచేత పట్టెడివాడు. అన్నము తిను చేయితో వ్రాయవలెనని చెప్పి, ఆ బలపమును ఎన్నిమారులు తీసి అతని కుడిచేత పెట్టితినో లెక్క లేదు. అతని అక్షరములు కుదురుకొనలేదు, బడియే మానివేసినాడు. ఆ మానుటకు నా పట్టుదలయే కారణమో, ఇంటి పరిస్థితులు కారణమో ఇప్పుడు తేల్చుట నాకు సాధ్యము కాదు. ఢిల్లీలో నా ఎడమ చూపుడువ్రేలిని ఆమె మడిచినప్పుడెల్లను ఆ పిల్లవాని మొగము కనబడెడిది. ఈ లేఖకు అదియొక కారణము.

కావున మీకు నా మనవి: మొదటినాడే ఊలు ఏ చేత పట్టవలెనో ఆజ్ఞాపింపకుడు. కుడిచేత పట్టి ఒకమారు, ఎడమచేత పట్టి ఒకమారు, మెడచుట్టు త్రిప్పి ఒకమారు పదేసి కుట్లు మీరు అల్లి చూపుడు. మీకు ఒక్క పద్ధతియే వచ్చునేని తక్కిన రెండును మీరే నేర్చుకొనుడు. వారము పట్టును, అంతకు మించదు. పిల్లలను నాలుగు దినములు వారి యిష్టమునకు విడువుడు. ఏ పద్ధతియందు చేయి బిగుసుకొనక, భుజము పైకి లేవక, కన్ను సూదిమీదినుండి అప్పుడప్పుడు తప్పుకొనగలదో ఆ పద్ధతి ఆ బిడ్డది. కుడిచేతివాటము వారికి ఎడమచేతి ఊలు హాయిగా ఉండవచ్చును. ఎడమచేతివాటము వారిని అద్దములో బింబమువలె తారుమారుగా అల్లుమని బలవంతము చేయ నవసరము లేదు, అల్లికయందు రెండు చేతులును పనిచేయును గదా.

పనిముట్లను గూర్చి కూడ ఒక మాట. తొలుత ఇచ్చు ఊలు లేతరంగుదై, నునుపైనదై, మధ్యమపు మందము కలదై యుండవలెను. నలుపు ఊలుమీద కుట్టు కాళ్ళు కనబడవు, నూగు ఊలు విప్పుటకు రాదు. నూలుదారము సాగదు గనుక మొదటి నెలలో వ్రేళ్ళను శ్రమపెట్టును. సూదులు 8వ నెంబరువి, అనగా 4 మిల్లీమీటర్లవి, చాలును. మన అంగళ్ళలోని సూదుల నెంబరు పెరిగినకొలది సూది సన్నమగునని మొదలే చెప్పుడు. అల్యూమినియము సూదిమీద కుట్లు జారును, వెదురుసూదిమీద నిలుచును. వదులుగా అల్లు బిడ్డకు వెదురును, బిగించి అల్లు బిడ్డకు లోహమును ఇచ్చినచో సగము బోధ సూదియే చేయును. జారిన కుట్టు నిచ్చెనవలె క్రిందికి దిగిపోయినప్పుడు మా గోదావరి లేసుసూదితో మెట్టు మెట్టుగా పైకి ఎత్తవచ్చును. ఒక్కటి మీ బల్లమీద ఉంచుకొనుడు.

చేతులను సరిదిద్దుట మానినచో క్రమశిక్షణ పోవునని మీలో కొందరు శంకింతురు. సరిదిద్దవలసినది ఎక్కడనో చెప్పెదను. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లించి, దాని అడ్డమున ఎన్ని కుట్లున్నవో లెక్కపెట్టింపుడు. 20 కుట్లు వచ్చువారు 90 సెంటీమీటర్ల ఛాతీకి 180 కుట్లు ఎక్కింపవలెను. అవే 180 కుట్లను, 10 సెంటీమీటర్లకు 22 వచ్చు బిగువున అల్లినచో స్వెట్టరు 82 సెంటీమీటర్లకు లోపే నిలిచిపోవును. తొడుగుకొన్నవాని ఛాతీకి బిగుతుగా పట్టివేయును. ఈ లెక్కయందు మీరు కఠినముగా నుండుడు. మెలిపడిన కుట్టునందు కఠినముగా నుండుడు. అంచులు వంకరపోయినచో విప్పింపుడు. వ్రేళ్ళను మాత్రము వాని మానాన విడువుడు.

2020 నాటి జాతీయ విద్యావిధానము 6వ తరగతినుండి 8వ తరగతివరకు గల పిల్లలు పుస్తకసంచి లేకుండ పది దినములు స్థానిక వృత్తికళాకారులకడ పని నేర్వవలెనని చెప్పినది. లూధియానాలో యంత్రములు స్వెట్టర్లను రాసులుగా పోయుచున్న ఈ కాలమున, అల్లికవలన పిల్లలకు జీవనము దొరకునని నేను చెప్పబోను. ఒక్క దారమునుండి, తప్పు జరిగినచో విప్పి మరల చేసికొనగల వస్తువొకటి తన చేతులతో పుట్టించిన బిడ్డ, మగపిల్లవాడైనను ఆడపిల్లయైనను, ఆ పది దినములను మరువదని మాత్రము నమ్ముచున్నాను. ఆ దినములలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు బడులవారు తమ వీధిలోని లేసు స్త్రీలను గౌరవముగా పిలిచి, తగిన పారితోషికమిచ్చి, బోధకురాండ్రుగా కూర్చుండబెట్టవలెనని కోరుచున్నాను. ఎడమచేత దారము పట్టు విద్య వారి యింట తరతరములుగా ఉన్నది. రెండవ సూది ఒకటి చేతికిచ్చినచో వారే అల్లికయు నేర్పగలరు.

మనుమరాలి టోపీ ఆ ఫాల్గుణమునకు పూర్తియైనది. చలి వెళ్ళిపోయినది గనుక ఆ యేడు అది తొడుగలేదు. మరుసటి యేటికి తల పెరిగినది. ఇప్పుడది బొమ్మ తలమీద ఉన్నది. నేను మా ఊరికి తిరిగి వచ్చితిని. మా చుట్టుప్రక్కల ఏ బడివారు పిలిచినను, రెండు డజన్ల వెదురుసూదులును, లేతపసుపు ఊలు ఉండలును తీసికొని, కూలి కోరక, పది దినములును వచ్చి నేర్పెదను. బస్సు దిగు చోటు చెప్పి ఒక కార్డు ముక్క వ్రాసిన చాలును.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని